బిగబట్టిన కూలి

విరుదునగర్ దాటి కోవిల్‌పట్టి వైపు సాగే జాతీయ రహదారికి రెండు పక్కలా నల్లరేగడి. తమిళులు ఈ నేలను కరిసల్ అంటారు. వాన పడితే పత్తి, మినుము, మిరప. పడకపోతే సర్కారు తుమ్మ. వ్యవసాయాన్ని మాత్రమే నమ్ముకుని బతకలేని ఈ సీమలో వందేళ్లుగా వేరే పనులు పుట్టుకొచ్చాయి. శివకాశి బాణసంచా, సాత్తూరు, కోవిల్‌పట్టి అగ్గిపెట్టెలు, రాజపాళయం నూలు. సరుకులు వేరైనా వాటిని తయారు చేసిన చేతులు మాత్రం చాలావరకు ఒకే రకం ఇళ్ల నుంచి వచ్చాయి. భూమి లేని ఇళ్లు, అప్పున్న ఇళ్లు, ఆడపిల్లలున్న ఇళ్లు.

ఆ ఇళ్లకూ, న్యూయార్కులో ఏదో ఒక మఠం కన్యాస్త్రీల వృద్ధాప్యం కోసం దాచిన నిధికీ, లండన్‌లో చర్చి సొమ్ము మదుపు చేసే సంస్థకూ సంబంధం ఉంది. ఆ నిధి బట్టల కంపెనీలో వాటా కొంటుంది. ఆ కంపెనీ తిరుప్పూరులోనో దిండిగల్‌లోనో చొక్కాలు కుట్టిస్తుంది. కుట్టేవాళ్లు బట్ట కొంటారు, బట్ట నేసేవాళ్లు నూలు కొంటారు. ఆ నూలు వడికే మిల్లు హాస్టల్లో పదహారేళ్ల పిల్ల రాత్రి షిఫ్టుకు లేస్తుంది. ఆ పిల్లకు ఆ మఠం పేరు తెలియదు. మఠానికి ఆ పిల్ల సంగతి తెలియాలా వద్దా అన్నదే క్రైస్తవ మదుపు ముందున్న అసలు ప్రశ్న. తెలియాలి, తెలుసుకోవడం సాధ్యమే అన్నది ఈ కథనం చెప్పదలచుకున్న మాట.

అగ్గిపెట్టె నుంచి నూలు దాకా

1922లో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనే ఇద్దరు శివకాశి యువకులు కలకత్తా వెళ్లి అగ్గిపుల్లల తయారీ నేర్చుకొచ్చారు. కరువు సీమకు అది వరమే అయింది. తర్వాతి దశాబ్దాల్లో విరుదునగర్, కోవిల్‌పట్టి చుట్టుపక్కల ఊళ్లు దేశానికి అగ్గిపెట్టెలు అందించాయి. బడికి పోవలసిన పిల్లలు తెల్లవారకముందే కంపెనీ బస్సులెక్కి పుల్లలు పేర్చడానికీ పెట్టెలు అంటించడానికీ వెళ్లేవారు. 1976లో అలాంటి బస్సు ఒకటి ప్రమాదానికి గురై పిల్లలు చనిపోయాక ప్రభుత్వం విచారణ సంఘం వేసింది. 1983లో స్మితు కొఠారీ శివకాశి పిల్లల మీద రాసిన పరిశోధన వ్యాసం దేశమంతటా చర్చకు వచ్చింది. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 10న తీర్పు ఇస్తూ, పనిలో పెట్టుకున్న ఒక్కో పిల్లకూ పిల్లవాడికీ యజమాని 20,000 రూపాయలు సంక్షేమ నిధికి కట్టాలని చెప్పింది. బడుల్లో మధ్యాహ్న భోజనం పెట్టించిన కామరాజ్ పుట్టింది విరుదునగర్‌లోనే. ఆయన సొంత జిల్లా పిల్లలు బడి మానేసి అగ్గిపెట్టెలు అంటించారన్నది ఎప్పుడు తలుచుకున్నా బాధపెట్టే విషయం.

ఇంకో చిన్న సంగతి. అగ్గిపెట్టె ధర 2007 నుంచి 2021 నవంబరు దాకా ఒక్క రూపాయే. పద్నాలుగేళ్లు! ఆ పద్నాలుగేళ్లలో బియ్యం, నూనె, బస్సు చార్జీ అన్నీ పెరిగాయి. 2021 డిసెంబరు 1 నుంచి అది రెండు రూపాయలయింది. పెరగని ధర తాలూకు భారం ఎక్కడో ఒకచోట పడుతుంది. అగ్గిపెట్టెల్లోనైనా, నాలుగు వందలకు దొరికే టీషర్టులోనైనా ఆ భారం దిగేది అందరికంటే కిందనున్న కూలి మీదే.

బాలకార్మికుల మీద చట్టాలు బిగుసుకున్నాయి, యంత్రాలు వచ్చాయి, పిల్లలు బడికి వెళ్లారు. నిజమైన మేలు జరిగింది, దాన్ని తక్కువ చేయకూడదు. కానీ పదో తరగతి దగ్గర ఆగిపోయిన ఆడపిల్లల కోసం ఇంకో బస్సు వచ్చింది. అది నూలు మిల్లుది.

మూడేళ్ల తర్వాత ఇస్తాం

దేశంలో నూలు మిల్లులు అన్నిటికంటే ఎక్కువున్న రాష్ట్రం తమిళనాడు. కోయంబత్తూరు, తిరుప్పూరు, ఈరోడ్, దిండిగల్ మిల్లులకు ఆడపిల్లల కోసం ఏజెంట్లు దక్షిణాన ఉన్న మెట్ట జిల్లాలకు వచ్చేవారు. విరుదునగర్, తూత్తుకుడి, తిరునెల్వేలి, తేని. కోవిల్‌పట్టి తూత్తుకుడి జిల్లాలోది. ఏజెంటు చెప్పే మాట తల్లి గుండెకు నేరుగా తగిలేది. పిల్లను మూడేళ్లు పంపండి, హాస్టల్ మాది, తిండి మాది, మూడేళ్లు నిండాక ముప్ఫయి వేల నుంచి యాభై వేల దాకా ఒక్కసారే చేతిలో పెడతాం, పెళ్లికి ఉంటాయి. దానికి మిల్లులు పెట్టిన పేరు సుమంగలి పథకం.

లెక్క వేసి చూద్దాం. ముప్ఫయి వేలను ముప్ఫయ్యారు నెలలకు పంచితే నెలకు 833 రూపాయలు. అది బహుమానం కాదు, నెలనెలా చేతికి రావలసిన జీతంలోంచి ఆపిన భాగం. రెండేళ్ల పది నెలలకు జబ్బు చేసి ఇంటికి వచ్చేస్తే ఆ మొత్తం పోయినట్టే. చాలామంది పిల్లలకు అలాగే పోయింది. పత్తి ధూళికి ఊపిరితిత్తులు పాడైనవాళ్లు, యంత్రంలో వేలు పోయినవాళ్లు, నెలసరి నొప్పికి ఏదో మాత్ర మింగి మళ్లీ యంత్రం దగ్గర నిలబడినవాళ్లు గడువు పూర్తయ్యేదాకా నెట్టుకురావలసిందే. వారానికో ఫోను, అదీ వార్డెన్ ముందు. సెలవు దీపావళికీ పొంగలికీ. హాస్టల్ గేటు దాటాలంటే అనుమతి కావాలి.

2011 మే నెలలో నెదర్లాండ్స్‌కు చెందిన సోమో, ఇండియా కమిటీ ఆఫ్ ది నెదర్లాండ్స్ అనే రెండు సంస్థలు దీన్ని నివేదికగా బయటపెట్టాయి. అందులో తేలిన ఒక విషయం, ఈ పిల్లల్లో ఎక్కువమంది దళితులని. 2014 అక్టోబరులో వచ్చిన మరో పెద్ద నివేదిక నాటికి సుమంగలి అనే మాట కరపత్రాల నుంచి మాయమైంది గానీ హాస్టల్ గేటు అలాగే ఉంది. 2016 డిసెంబరులో ఏడు వందలకు పైగా మిల్లుల కార్మికులను విచారించి, వాటిలో తొంభై శాతానికి పైగా చోట్ల ఏదో ఒక స్థాయిలో ఆధునిక బానిసత్వపు ఆనవాళ్లు ఉన్నాయని ఇండియా కమిటీ చెప్పింది. తమిళనాడు ప్రభుత్వం 2014లో ఆడవాళ్ల హాస్టళ్ల నమోదుకు చట్టం చేసింది. దక్షిణ భారత మిల్లుల సంఘం తన సభ్యులకు నియమాలు రాసింది. కొన్ని మిల్లులు మారాయి. ఇప్పుడు ఆ హాస్టళ్లలో ఒడిశా, జార్ఖండ్, బీహార్ పిల్లలు కూడా కనిపిస్తున్నారు.

ఇది నిర్బంధ శ్రమేనా, అమ్మానాన్నలు ఇష్టపడి పంపారు కదా అని మిల్లుల తరఫువాళ్లు అడుగుతారు. మన సుప్రీంకోర్టు 1982లోనే దీనికి జవాబు చెప్పింది. ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో జస్టిస్ పి.ఎన్. భగవతి ఇచ్చిన తీర్పు ప్రకారం కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమే. గొలుసులూ కొరడాలూ ఉండనక్కరలేదు. ఆకలి చాలు.

మన భాష మాట్లాడే ఇళ్లు

తెలుగు పాఠకుడికి ఇది పరాయి ఊరి కథ కాదు. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్, తెలుగువాళ్లు దక్షిణానికి వలస వచ్చి ఈ కరిసల్ నేలను సాగుకు తెచ్చిన కథను తమిళంలో రాసి 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. రాజపాళయం రాజుల ఇంటి భాష తెలుగు. అక్కడ 1936లో మిల్లు పెట్టిన పి.ఎ.సి. రామస్వామి రాజా, 1910లో కోయంబత్తూరులో లక్ష్మీ మిల్స్ స్థాపించిన జి. కుప్పుస్వామి నాయుడు తెలుగువాళ్లే. ఈ పేర్లు ఎవరి మీదా నేరం మోపడానికి చెప్పడం లేదు. ఈ సీమ నూలు పరిశ్రమ పుట్టుకలో తెలుగు ఇళ్ల చెయ్యి ఉందని గుర్తు చేయడానికే.

అటు చివర కూడా తెలుగే వినిపిస్తుంది. తమిళనాడు దళితుల్లో అరుంధతీయర్లలో చాలామంది ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. 2009లో రాష్ట్రం వాళ్లకు మూడు శాతం లోపలి రిజర్వేషన్ ఇచ్చింది, ఎందుకంటే దళితుల్లోనే వాళ్లు వెనకబడి ఉన్నారు. మిల్లు హాస్టళ్లకు వెళ్లిన పిల్లల్లో ఆ ఇళ్లవాళ్లూ ఉన్నారు. మూలధనం ఒక మూల, శ్రమ ఇంకో మూల. రెండు మూలల్లోనూ మనవాళ్లే.

చర్చి సొమ్ము చరిత్ర

కొత్త నిబంధనలో యాకోబు రాసిన పత్రిక అయిదో అధ్యాయంలో ధనవంతులకు ఒక హెచ్చరిక ఉంది. పొలం కోసిన పనివాళ్లకు ఇవ్వకుండా బిగబట్టిన కూలి దేవుని చెవిన పడుతుందని దాని భావం. తెలుగు చర్చిలో పెరిగినవాళ్లు ఎన్నోసార్లు విన్న వాక్యమే. సుమంగలి పథకాన్ని వివరించడానికి ఇంతకంటే సూటి మాట వెతికినా దొరకదు. బిగబట్టిన కూలి, అంతే.

ఈ వాక్యాన్ని చదువుకుంటూనే చర్చి శతాబ్దాల పాటు ఆ సొమ్ము తిన్నది కూడా. ఇంగ్లండు చర్చి పేద పాస్టర్ల కోసం 1704లో పుట్టిన క్వీన్ ఆన్స్ బౌంటీ నిధి, అట్లాంటిక్ దాటించి బానిసలను అమ్మిన సౌత్ సీ కంపెనీలో పెద్ద ఎత్తున సొమ్ము పెట్టింది. ఆ నిధికి వారసులైన చర్చి కమిషనర్లు 2023 జనవరిలో ఈ చరిత్రను తామే ప్రచురించి, ఆ తప్పును సరిదిద్దే పనులకు పది కోట్ల పౌండ్లు కేటాయిస్తామని ప్రకటించారు. ఎదురు మాట చెప్పినవాళ్లూ చర్చిలోనే ఉన్నారు. 1758లో ఫిలడెల్ఫియా క్వేకర్లు మనుషులను కొని అమ్మే సభ్యులను సంఘపు పనులకు దూరం పెట్టారు. మెథడిస్టు బోధకుడు జాన్ వెస్లీ డబ్బు వాడకం మీద 1760లో అచ్చయిన ప్రసంగంలో, పొరుగువాడి ఒంటికో ఆత్మకో హాని చేసే సంపాదన వద్దన్నాడు.

అక్కడి నుంచి ఇరవయ్యో శతాబ్దంలో ‘ఇవి కొనం’ అనే జాబితాలు వచ్చాయి. సారా, పొగాకు, జూదం, ఆయుధాలు. అమెరికాలో ఇద్దరు మెథడిస్టులు 1971లో ప్యాక్స్ వరల్డ్ ఫండ్ పెట్టింది వియత్నాం యుద్ధానికి తమ డబ్బు పోకూడదనే. మంచి పనే. కానీ నాకు ఈ జాబితాల మీద ఒక పేచీ ఉంది. సారా కంపెనీని జాబితాలోంచి కొట్టెయ్యడం తేలిక. దాని పేరు మీదే సారా అని ఉంటుంది. నిర్బంధ శ్రమ పేరు చొక్కా లేబుల్ మీద ఉండదు. మంచి పేరున్న కంపెనీ, పచ్చటి వార్షిక నివేదిక, లోపల నాలుగు చేతులు మారి వచ్చిన నూలు. సారా ముట్టకుండా, బిగబట్టిన కూలిని మాత్రం ముట్టుకుంటూ పోయే మదుపు ఎంత పవిత్రంగా కనిపించినా అసంపూర్ణమే.

రెండో దారి అదే 1971లో తెరుచుకుంది. ఎపిస్కోపల్ చర్చి జనరల్ మోటార్స్‌లో తనకున్న వాటాలతో సర్వసభ్య సమావేశానికి వెళ్లి, వర్ణవివక్ష నడుస్తున్న దక్షిణాఫ్రికా నుంచి బయటికి రమ్మని తీర్మానం పెట్టింది. రెండు శాతం ఓట్లు కూడా రాలేదు. కానీ కంపెనీ బోర్డులో ఉన్న నల్లజాతి బాప్టిస్టు పాస్టర్ లియాన్ సల్లివన్ సొంత యాజమాన్యానికి ఎదురు తిరిగి ఆ తీర్మానాన్ని సమర్థించాడు. ఆ పోరాటంలోంచి పుట్టిన ఐసీసీఆర్ అనే సర్వమత మదుపరుల కూటమిలో ఇవాళ మూడు వందలకు పైగా సంస్థలున్నాయి. కన్యాస్త్రీల మఠాలు, పింఛను నిధులు, యూదు సంఘాలు. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రాణా ప్లాజా కూలి 1,134 మంది చనిపోయాక, కంపెనీలు భద్రతా ఒప్పందంలో చేరాలని వందల మంది మదుపరులను కూడగట్టింది ఈ కూటమే. ఇంగ్లండులో చర్చి నిధులు చూసే సీసీఎల్ఏ 2019లో మొదలుపెట్టిన ప్రయత్నం పేరుకే వెతుకు, బాగుచెయ్యి, మళ్లీ రానీకు అని అర్థం. వెతికి చూసుకుని మా దగ్గర ఏమీ లేదనే కంపెనీ కంటే, ఫలానా చోట దొరికింది, ఇలా సరిదిద్దాం అనే కంపెనీని మెచ్చుకోవాలన్నది దాని పద్ధతి. ఈ పద్ధతిలో గొప్ప వివేకం ఉంది. వాటా అమ్మేసుకుంటే మన చేతికి మురికి అంటదు. మిల్లు గేటు మాత్రం తెరుచుకోదు.

కర్నూలు పొలంలో ఒక సాక్ష్యం

మదుపరి అడిగితే పొలం దాకా వినిపిస్తుందా అని అనుమానించేవాళ్లకు మన దగ్గరే ఉదాహరణ ఉంది. 2001 నుంచి పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో హైబ్రిడ్ పత్తి విత్తన క్షేత్రాల మీద వరసగా నివేదికలు రాశారు. పూలకు చేత్తో పరపరాగ సంపర్కం చేయించడానికి తల్లిదండ్రులకు అప్పిచ్చి ఆడపిల్లలను నెలల తరబడి కట్టిపడేసే పద్ధతిని ఆయన బయటపెట్టారు. 2006లో నార్వే పింఛను నిధికి సలహా ఇచ్చే నైతిక మండలి, ఇదే కారణంగా విత్తన కంపెనీ మోన్‌శాంటో వాటాలు అమ్మేయమని సిఫారసు చేసింది. నార్వే ప్రభుత్వం అమ్మలేదు. వాటాదారుగా లోపలే ఉండి కంపెనీని నిలదీయమంది. విత్తన కంపెనీలు పొలాలకు తనిఖీదారులను పంపడం, పిల్లలు లేకుండా పండించిన రైతుకు ప్రోత్సాహకం ఇవ్వడం మొదలైంది. ఊరిలో ఎం.వి. ఫౌండేషన్ లాంటివాళ్లు పిల్లలను బడికి పంపే పని చేయకపోతే ఓస్లో నుంచి వచ్చిన ఉత్తరం కాగితంగానే మిగిలేది. రెండూ కలిసినప్పుడు పని జరిగింది.

దిండిగల్ చెప్పిన పాఠం

నూలు, బట్టల విషయంలో ఆ కలయిక దిండిగల్‌లో జరిగింది, అదీ ఒక ఘోరం తర్వాత. 2021 జనవరిలో ఈస్ట్‌మన్ ఎక్స్‌పోర్ట్స్ వారి నాచ్చి అపారెల్ ఫ్యాక్టరీలో పనిచేసే దళిత యువతి హత్యకు గురైంది. ఆమె తన సూపర్‌వైజరు వేధింపులు భరించిందని సహోద్యోగులూ కుటుంబమూ చెప్పారు. దళిత మహిళలు ముందుండి నడిపే తమిళనాడు టెక్స్‌టైల్ అండ్ కామన్ లేబర్ యూనియన్ ఆ కుటుంబం పక్కన నిలబడింది. ఏడాదికి పైగా పోరాటం తర్వాత 2022 ఏప్రిల్‌లో దిండిగల్ ఒప్పందం కుదిరింది. సంతకాలు పెట్టినవాటిలో యూనియన్, ఆసియా ఫ్లోర్ వేజ్ అలయన్స్, ఈస్ట్‌మన్, హెచ్ అండ్ ఎం ఉన్నాయి. తర్వాత గ్యాప్, పీవీహెచ్ బ్రాండ్లు కూడా చేరాయి.

ఒప్పందంలో అన్నిటికంటే ముఖ్యమైన అంశం ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్లే పర్యవేక్షకులు కావడం. బయటి నుంచి ఆడిటరు వచ్చినరోజు గోడలకు సున్నం ఉంటుంది, మరుగుదొడ్లలో సబ్బు ఉంటుంది, పిల్లలకు జవాబులు నేర్పి ఉంచుతారు. పక్క యంత్రం దగ్గర నిలబడే అక్కను అలా మభ్యపెట్టలేరు. పైగా ఫ్యాక్టరీ మాట తప్పితే ఆర్డర్లు తగ్గించక తప్పని బాధ్యత బ్రాండ్ల మీద పడింది. మొదటి ఏడాది నివేదిక ప్రకారం 185 ఫిర్యాదులు వచ్చాయి, 182 పరిష్కారమయ్యాయి. ఫిర్యాదులు అన్ని వచ్చాయా అని కంగారు పడాల్సిన పని లేదు. భయం తగ్గిన చోటే ఫిర్యాదు పుడుతుంది.

2022 జులై చివర్లో అమెరికా కస్టమ్స్ విభాగం నిర్బంధ శ్రమ అనుమానంతో నాచ్చి సరుకును ఆపేసింది. సెప్టెంబరు 7కల్లా ఆ నిషేధం సడలించింది, ఒప్పందం ద్వారా జరుగుతున్న దిద్దుబాటును చూసి. నిషేధం అలాగే ఉండిపోతే మొదట పోయేది ఆ ఆడవాళ్ల ఉద్యోగాలే. క్రైస్తవ మదుపరులకు ఇందులో నేర్చుకోవలసింది చాలా ఉంది. కంపెనీకి రాసే ఉత్తరంలో మీ విధానపత్రం చూపించండి అని అడిగితే అందమైన పత్రం వస్తుంది. మీ నూలు మిల్లుల జాబితా ఇవ్వండి, అక్కడ యూనియన్ ఉందా, హాస్టల్ పిల్లలు ఆదివారం గేటు దాటి బజారుకు వెళ్లగలరా, జీతం ప్రతి నెలా సొంత ఖాతాలో పూర్తిగా పడుతోందా, మీరిచ్చే ధరలో ఆ జీతం ఇమిడి ఉందా అని అడగాలి. చివరి ప్రశ్న మదుపరికే ఇబ్బంది కలిగిస్తుంది, ఎందుకంటే ధర పెంచితే లాభం తగ్గుతుంది, డివిడెండు తగ్గుతుంది. ఆ తగ్గుదలను ఒప్పుకోవడానికి సిద్ధపడని మఠమైనా, పింఛను నిధైనా మొదటి నాలుగు ప్రశ్నలు అడిగి ప్రయోజనం లేదు.

మన డబ్బు సంగతి

ఈ బాధ్యత విదేశీ చర్చిలదే అనుకుంటే తప్పించుకున్నట్టే. మ్యూచువల్ ఫండ్‌లో నెలకు రెండు వేలు కట్టే గుంటూరు ఉపాధ్యాయురాలు, ప్రావిడెంట్ ఫండ్ ఉన్న సికింద్రాబాద్ గుమాస్తా, భవన నిర్మాణానికి నిధి పోగుచేసే చర్చి కమిటీ, వీళ్లంతా మదుపరులే. దేశంలోని మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు 2022–23 నుంచి సెబీ చెప్పిన బాధ్యతా నివేదిక ఇవ్వాలి. అందులో అయిదో సూత్రం కింద నిర్బంధ శ్రమ మీద ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఎంత శాతం ఫ్యాక్టరీలు తనిఖీ అయ్యాయో రాయాలి. కంపెనీ వెబ్‌సైటులో ఎవరైనా చూడొచ్చు. ఆ గడిలో సున్నా కనిపిస్తే, దిండిగల్ 185ను పక్కన పెట్టి చూడండి. వేలమంది ఆడపిల్లలు హాస్టళ్లలో ఉండే పరిశ్రమలో ఒక్క ఫిర్యాదూ రాలేదంటే చెప్పుకునే చోటు ఉందా అని అనుమానించాలి. ఒక చర్చి కోశాధికారి తన ఫండ్ మేనేజరుకు ఈ ఒక్క గడి గురించి ఉత్తరం రాస్తే చాలు, పని మొదలైనట్టే.

యూరోపియన్ యూనియన్ 2024లో చేసిన చట్టం 2027 డిసెంబరు 14 నుంచి అమల్లోకి వస్తుంది. తయారీలో ఏ దశలోనైనా నిర్బంధ శ్రమ కలిసిందని తేలితే ఆ సరుకు అక్కడి బజారులో అమ్మడానికి వీల్లేదు. ఏ దశలోనైనా అంటే కుట్టు ఫ్యాక్టరీ ఒక్కటే కాదు, దారం తీసిన మిల్లూ, పత్తి పండిన చేనూ. కోవిల్‌పట్టి, విరుదునగర్ మిల్లు యజమానుల సంఘాలు చేయవలసిన పని ఈలోపే ఉంది: ఆపిన జీతాలు వడ్డీతో చెల్లించడం, యూనియన్‌ను లోపలికి రానివ్వడం, హాస్టల్ పిల్లలు ఎవరినీ అడగకుండా బయటికి వెళ్లి రాగలిగేలా చూడడం. గడువు నిండక ముందే ఇంటికొచ్చి, రావలసిన ముప్ఫయి వేలు వదులుకున్న ఆడవాళ్లు ఇప్పుడు ముప్ఫయి, నలభై ఏళ్ల తల్లులు. వాళ్ల పేర్లు మిల్లుల పాత హాజరు పట్టీల్లో ఉండి ఉంటాయి. ఎవరికి ఎంత బాకీయో అక్కడి నుంచే లెక్క తీయవచ్చు.